ఎర్ర దీపం దాకా పరుగు

హైదరాబాదులో మౌలాలి కమాన్ దాటి తార్నాక వైపు పోయే దారిలో రోజూ ఒకటే తంతు. దూరంగా సిగ్నల్ ఎర్రగా వెలుగుతూ ఉంటుంది. అది నాకూ కనిపిస్తుంది, పక్క కారతనికీ కనిపిస్తుంది, వెనక బైకు మీదున్న కుర్రాడికీ కనిపిస్తుంది. అయినా ఆ కారు నన్ను దాటుకుని రయ్యిన పోతుంది. దాని వెనక ఇంకొకటి, ఆ రెంటి సందులోంచి బైకులు. తెల్లగీత దగ్గరికి వచ్చేసరికి బ్రేకు లైట్లు ఒక్కసారిగా గుప్పుమంటాయి, కారు ముక్కు నేలకు వంగి లేస్తుంది, ఆగుతుంది. కాసేపటికి నేనూ వెళ్లి దాని పక్కనే నిలబడతాను. పచ్చదీపం ఇద్దరికీ ఒకేసారి పడుతుంది. మరి ఆ పరుగుతో అతనికి దక్కిందేమిటి? చాలాకాలంగా ఈ ప్రశ్న నన్ను వదలడం లేదు. అతన్ని తప్పుపట్టాలని నాకు లేదు. ముందు నాలుగు గజాల ఖాళీ కనిపిస్తే చాలు, కుడికాలు మనల్ని అడక్కుండానే కిందికి వాలుతుంది. ఖాళీని వెంటనే నింపేయాలన్న ఈ ఆత్రం ఎక్కడిది? రేషను క్యూల్లో నిలబడి, రైలు తలుపుల దగ్గర తోసుకుని, ఉన్నప్పుడే అందుకోవాలి తర్వాత ఉండదు అని తరాలుగా ఒంటికి పట్టిన పాఠమా? కావచ్చు. ఆ పాఠానికి ఖరీదైతే ఉంది. అది టాంకులోంచి చప్పుడు లేకుండా పోతుంది కాబట్టి ఎవరికీ పట్టదు.

ఒక ఆదివారం కాగితం, కలం ముందేసుకుని లెక్క కట్టాను. చిన్న కారు, అందులో ఇద్దరు ముగ్గురు మనుషులు, అంతా కలిపి టన్ను బరువు అనుకుందాం. నిలిచిన చోటి నుంచి దాన్ని గంటకు 50 కిలోమీటర్ల వేగానికి తేవాలంటే దాదాపు 96 వేల జౌళ్ల శక్తి కావాలి. లీటరు పెట్రోలులో 3 కోట్ల 30 లక్షల జౌళ్ల దాకా ఉంటాయి. అయితే ఊళ్లో ఆగుతూ సాగుతూ తిరిగే ఇంజిన్ అందులో పావు వంతు చక్రాలకు అందిస్తే గొప్పే. మిగతాదంతా రేడియేటర్ వేడిగానూ, సైలెన్సర్ పొగగానూ పోతుంది. ఆ పావు వంతు లెక్కన, ఒక్కసారి 50 అందుకోవడానికి 12 మిల్లీలీటర్ల పెట్రోలు కాలుతుంది. రెండు టీస్పూన్ల పైచిలుకు. హైదరాబాదులో లీటరు 107 రూపాయలు దాటింది గనక రూపాయి పావలా అనుకోవచ్చు. ఇంతేనా? ఇంతే. కానీ ఆ డబ్బు పెట్టి కొన్నది వేగాన్ని. కొన్న వేగాన్ని సిగ్నల్ దగ్గర బ్రేకు ప్యాడ్లకు అప్పజెప్పాం, అవి దాన్ని వేడిగా మార్చి గాలికి వదిలేశాయి. పెట్రోలు ఖర్చయ్యేది యాక్సిలరేటర్ కింద అని అందరం అనుకుంటాం. నిజమే. కాకపోతే వృథా అయ్యేది మాత్రం బ్రేకు కింద. సంపాదించిన వేగంతో కారు కాస్త దూరం సాగితే ఆ పెట్రోలు మనకు పనికొచ్చినట్టు. సంపాదించిన మరుక్షణమే దాన్ని చంపేస్తే, అంతకుముందు కాల్చిందంతా దండగ. పైగా ఈ లెక్క వేగం వర్గంతో పెరుగుతుంది. 50 బదులు 60 అందుకుంటే వేగం పెరిగింది అయిదో వంతే, కావాల్సిన శక్తి మాత్రం 44 శాతం ఎక్కువ. ఎర్ర దీపం కనిపిస్తుండగా ఆ చివరి పది కిలోమీటర్ల వేగం కోసం కాలు నొక్కడమే అన్నిటికంటే ఖరీదైన పని అన్నమాట.

ఇది ఎందుకు మనకు తట్టదు? బహుశా కారులో కూర్చున్నవాడికి ఆయాసం రాదు కాబట్టి. మౌలాలి గుట్ట మెట్లెక్కినవాళ్లకు ఎత్తు ఖరీదు ఒంటికి తెలుస్తుంది. కుతుబ్‌షాహీల కాలం నుంచి జనం ఎక్కుతున్న గుట్ట అది. రజబ్ నెలలో ఉర్సు జరిగే రోజుల్లో ముసలివాళ్లు, పిల్లల్ని చంకనేసుకున్న తల్లులు అక్కడక్కడా ఆగి, ఊపిరి తీసుకుని, మోకాళ్ల మీద చేతులు ఆనించి మళ్లీ ఎక్కుతారు. 1824లో కన్నుమూసిన ఉర్దూ కవయిత్రి మహలఖా బాయి చందా సమాధి గుట్ట కిందే ఉంది, తన తల్లి కోసం కట్టించిన సమాధి పక్కనే. ఆవిడ కాలంలో పల్లకీ మోసిన బోయీలకూ బండి లాగిన ఎడ్లకూ ప్రతి గజం ఎత్తుకూ ఒగర్పు ఉండేది. టన్ను బరువును పది మీటర్ల పైకి ఎత్తడానికి ఎంత శక్తి కావాలో నా ఆదివారం కాగితం మీదే పక్కన వేసి చూశాను. 98 వేల జౌళ్లు. అంటే సున్నా నుంచి 50 వేగం అందుకోవడానికి ఎంతో, కారును మూడంతస్తుల మేడ ఎక్కించడానికీ దాదాపు అంతే. అలాగైతే ఎర్ర దీపం దాకా పరుగెత్తి గట్టిగా బ్రేకు వేయడమంటే, కారును మూడంతస్తులు మోసుకెళ్లి పైనుంచి వదిలేయడమే. పచ్చ పడగానే మళ్లీ మోయాలి. కాళ్లతో చేయాల్సి వస్తే ఎవరం చేస్తాం ఆ పని? కారు మన ఆయాసాన్ని తను తీసుకుని మనకు హాయినిచ్చింది. దాంతో పాటు, ఎంత శ్రమ పడుతున్నామో చెప్పే ఒగర్పునూ తీసేసుకుంది. డాష్‌బోర్డు మీద లీటరుకు ఇన్ని కిలోమీటర్లు అని వెలిగే అంకెలు ఆ ఒగర్పుకు సాటి వస్తాయా? నాకు నమ్మకం లేదు. అంకెను చూస్తాం, మర్చిపోతాం. ఆయాసాన్ని మర్చిపోవడం అంత తేలిక కాదు.

మా వీధి చివర ఒక పెద్దాయన ఉంటారు. ఆర్టీసీలో సిటీ బస్సు నడిపి రిటైరయ్యారు. సాయంత్రాలు అరుగు మీద కూర్చుంటే నేనూ పక్కన చేరతాను. మైలేజీ మాటెత్తితే ఆయన మొహంలోకి ఒక గాంభీర్యం వస్తుంది. ఆర్టీసీ వాళ్ల నోట ఆ మాట రాదు, ‘కేఎంపీఎల్’ అంటారు. లీటరు డీజిలుకు ఎన్ని కిలోమీటర్లు అని. డిపోలో డ్రైవరు డ్రైవరుకూ విడిగా లెక్క కడతారు, తగ్గితే పిలిచి మాట్లాడతారు, బాగా తెచ్చినవాళ్లను సన్మానిస్తారు. “బండి నాది కాదు బిడ్డా, డీజిలూ నాది కాదు. గా నంబరు మాత్రం నాదే” అన్నారాయన ఒకసారి. ఆ మాట చాలాసేపు నాతోనే ఉండిపోయింది. కారు కొన్నప్పుడు మనం షోరూములో అడిగే మొదటి ప్రశ్న ‘ఎంతిస్తుంది?’ అని. ఇచ్చేది కారే అన్నట్టు. ఒకే బస్సు, ఒకే రూటు, డ్రైవరు మారితే అంకె మారుతుందని ఆర్టీసీకి ఎప్పటినుంచో తెలుసు. ఎట్లా తెస్తారు కాకా ఆ అంకె అంటే ఆయన పెద్ద రహస్యమేమీ చెప్పలేదు. “ముందటి బండి బ్రేకు లైటు సూసుడు కాదు, దాని ముందట ఏమున్నదో సూడాలె. స్టాపు కానొస్తనే కాలు తీసెయ్యాలె. బండి అదే పోతది.” నిండు బస్సు పదిహేను టన్నులుంటుంది. దాన్ని ఆపి మళ్లీ 40 వేగానికి తేవాలంటే చిన్న టీ గ్లాసు నిండేంత డీజిలు కావాలి. స్టాపులు తప్పవు, ఆగడం తప్పదు. స్టాపుకూ స్టాపుకూ మధ్య అనవసరంగా తొక్కే బ్రేకులే ఆయన తగ్గించుకోగలిగినవి. లీటరుకు అయిదు కిలోమీటర్ల చుట్టుపక్కల నడిచే బండి అది. ఆ అయిదు 5.1 అయితే ఏమొస్తుంది అనుకుంటాం. తెలంగాణ ఆర్టీసీ బస్సులు రోజుకు 30 లక్షల కిలోమీటర్లకు పైగా తిరుగుతాయి. వాటన్నిటికీ ఆ 0.1 కలిస్తే రోజుకు దాదాపు 12 వేల లీటర్ల డీజిలు మిగిలినట్టు. ఏ కొత్త యంత్రమూ కొనకుండా, కాలు కాస్త ముందుగా తీసినందుకు.

ఆలోచిస్తే మా మౌలాలికి ఇంధనం ఒక ఇంటిపేరు లాంటిది. ఒకవైపు దక్షిణ మధ్య రైల్వే డీజిల్ లోకోషెడ్డు. ఇంకోవైపు 1971 నుంచి అణు విద్యుత్ కేంద్రాలకు యురేనియం కడ్డీల కట్టలు తయారుచేస్తున్న న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్. కాస్త అవతల చర్లపల్లిలో వంటగ్యాసు నింపే ప్లాంట్లు. రాత్రిళ్లు నిద్రపట్టనప్పుడు పట్టాల వైపు నుంచి వచ్చే ఇంజిన్ల గురక వింటూ పెరిగిన పిల్లలు ఈ పేటలో ఎంతమందో. పెద్ద డీజిల్ ఇంజిన్ ఏ పనీ లేకుండా నిలబడి ఊరికే తిరుగుతుంటే గంటకు ఇరవై లీటర్లకు పైగా తాగేస్తుంది. అందుకే చాలా ఇంజిన్లకు, నిలిచి ఉన్నప్పుడు బ్యాటరీల చార్జి దిగిపోకుండా చూడటానికి ఒక బుల్లి సహాయక ఇంజిన్ తగిలించారు. లోకో పైలట్ల పని చూస్తే, ఆర్టీసీ పెద్దాయన చెప్పిందే ఇంకా పెద్ద ఎత్తున కనిపిస్తుంది. ఆగాల్సిన స్టేషను ఎంతో దూరం ఉండగానే వాళ్లు ‘నాచ్’ దించేస్తారు. ఎనిమిది మెట్ల హ్యాండిల్‌ను సున్నాకు తెచ్చి బండిని దాని ఊపుకు వదిలేస్తారు. ఇనుప పట్టా మీద ఇనుప చక్రానికి రాపిడి తక్కువ, వేల టన్నుల గూడ్సు బండి అలా కిలోమీటర్లకు కిలోమీటర్లు జారిపోతుంది. డీజిల్ ఇంజిన్‌లో ఇంకో ఏర్పాటుంది. బ్రేకు వేయాల్సి వచ్చినప్పుడు చక్రాలు తిప్పే మోటార్లే జనరేటర్లుగా మారి బండిని పట్టి ఉంచుతాయి. కానీ అలా పుట్టిన కరెంటును పైకప్పు మీది గ్రిడ్లలో వేడిగా పారబోయక తప్పదు. ఇప్పటి త్రీ ఫేజ్ విద్యుత్ ఇంజిన్లు దాన్ని తిరిగి పై తీగలోకి పంపిస్తాయి, అదే తీగ కింద ఇంకెక్కడో ఎత్తు ఎక్కుతున్న బండి దాన్ని వాడుకుంటుంది. ఒక బండి దిగే వాలు ఇంకో బండికి ఎక్కే బలమవడం నాకు ఎంత తలుచుకున్నా అబ్బురమే. ఈ నేల మీద బస్సూ రైలూ ఒకే ఇంటి బిడ్డలు కూడా. 1932లో నిజాం రైల్వే వాళ్ల రోడ్డు రవాణా విభాగం 27 బస్సులతో మొదలుపెట్టిందే తర్వాత ఆర్టీసీ అయింది. ముందు చూసి కాలు తీయడం, ముందు చూసి నాచ్ దించడం ఆ ఇంటి నుంచే వచ్చిన అలవాట్లేమో అనిపిస్తుంది. చరిత్ర అలా చెప్పదు, నాకు అనుకోబుద్ధవుతుంది అంతే.

అలవాట్ల గురించి అనుకుంటే చిన్నప్పటి స్కూటర్ గుర్తొస్తుంది. నాన్న వెనక కూర్చుని వాలు దిగుతుంటే ఉన్నట్టుండి చప్పుడు ఆగిపోయేది. ఇంజిన్ ఆపేసి, న్యూట్రల్ చేసి వదిలేసేవారు. చెవుల్లో గాలి హోరు తప్ప ఏమీ వినపడేది కాదు. నెలాఖరు రోజుల్లో ఆ నిశ్శబ్దం ఎక్కువసార్లు వినిపించేదని తర్వాత్తర్వాత తెలిసొచ్చింది. ఆ తరం వాళ్లు కార్లలోనూ అదే చేశారు. వాలు కనిపిస్తే న్యూట్రల్. కార్బ్యురేటర్ బళ్లకు అందులో కొంత అర్థముంది, కాలు తీసినా ఇంజిన్ పెట్రోలు పీలుస్తూనే ఉండేది. ఇప్పటి ఇంజెక్షన్ కార్ల సంగతి వేరు. గేరులో ఉండగా యాక్సిలరేటర్ మీంచి కాలు పూర్తిగా తీస్తే, కారు ఊపుకు చక్రాలే ఇంజిన్‌ను తిప్పుతుంటాయి. ఇంజిన్ వేగం ఒక హద్దు కంటే పడిపోయేదాకా పెట్రోలు చుక్క కూడా లోపలికి పోదు. అదే న్యూట్రల్‌లో వేస్తే, ఇంజిన్ తనను తాను తిప్పుకోవాలి గనక పెట్రోలు అడుగుతుంది. పైగా వాలులో బండిని పట్టి ఉంచే ఇంజిన్ బలం పోయి, భారమంతా బ్రేకుల మీద పడుతుంది. ఇంజిన్ ఆపేసి జారితే స్టీరింగ్ బిగుసుకుంటుంది, బ్రేకు గట్టిపడుతుంది. ప్రాణానికే ముప్పు. అయినా ఇవాళ్టికీ వాలు రాగానే గేరు తీసేసేవాళ్లు నాకు తెలిసినవాళ్లలోనే ఉన్నారు. యంత్రం మారి పాతికేళ్లవుతున్నా చెయ్యి మాత్రం పాత యంత్రాన్నే నడుపుతోంది. ఇంట్లో ఎన్ని అలవాట్లు ఇలాంటివో కదా, కారణం ఎప్పుడో వెళ్లిపోయినా మిగిలిపోయినవి.

ఇంకో నమ్మకం కూడా ఉంది, మెల్లగా పోతే మైలేజీ వస్తుందని. సగమే నిజం. మొదటి గేరులో పాకుతూ పోయే బండి కంటే తిండిపోతు లేదు. నిలకడగా, పై గేరులో, యాభై అరవై మధ్య సాగినప్పుడు కారు అన్నిటికంటే తక్కువ తాగుతుంది. మన దేశంలో పెట్రోలియం పొదుపు కోసమే 1978లో ఏర్పడిన పీసీఆర్ఏ సంస్థ ఎన్నో ఏళ్లుగా చెప్పే వేగం 45 నుంచి 55. ఆ పైన గాలి అడ్డుపడుతుంది. ఔటర్ రింగు రోడ్డు మీద 2023లో గరిష్ఠ వేగాన్ని 100 నుంచి 120కి పెంచారు. 80లో పోయే కారు 120కి పెంచితే వేగం ఒకటిన్నర రెట్లవుతుంది, గాలి ఎదురు తోసే బలం రెండుంబావు రెట్లవుతుంది. ఘట్‌కేసర్ దగ్గర ఎక్కి నలభై కిలోమీటర్లు పోవాలనుకోండి. 80లో అరగంట, 120లో ఇరవై నిమిషాలు. ఆ పది నిమిషాల కోసం అంత గాలిని తోసుకుంటూ పోవాలా అని అడిగితే, ఆస్పత్రికి పోతున్నవాడు అవునంటాడు, అనాలి కూడా. తీరా దిగాక టీ బంకు దగ్గర ఇరవై నిమిషాలు నిలబడేవాడి జవాబేమిటో? 1973 అక్టోబరులో అరబ్బు దేశాలు చమురు బిగబట్టినప్పుడు పీపా ధర కొద్ది నెలల్లోనే మూడు డాలర్ల నుంచి పన్నెండుకు చేరువైంది. మరుసటి ఏడాది మొదట్లోనే అమెరికా దేశమంతటా గంటకు 55 మైళ్ల హద్దు పెట్టింది, అంటే మన 88 కిలోమీటర్లు. కార్లు మార్చేంత వ్యవధి లేదు, కాలు మార్చమంది. చాలా ఏళ్ల తర్వాత జపాను వాళ్లు ఇంకా సున్నితంగా చెప్పారు, బయల్దేరిన మొదటి అయిదు సెకన్లలో 20 వేగం దాటవద్దని. ఇవన్నీ చదువుతుంటే ఎక్కువ ఆకట్టుకున్నది మాత్రం 1939 నాటి సంగతి. అమెరికాలో షెల్ కంపెనీ ప్రయోగశాలలో పనిచేసేవాళ్లు, ఎవరి కారు గ్యాలనుకు ఎక్కువ దూరం పోతుందో చూద్దామని తమలో తాము పందెం వేసుకున్నారు. గెలిచిన కారు గ్యాలనుకు దాదాపు యాభై మైళ్లు పోయింది. మన లెక్కలో లీటరుకు 21 కిలోమీటర్లు. ఎనభై ఏళ్లు దాటాక, ఎన్నో రెట్లు తెలివైన ఇంజిన్లతో మన షోరూముల్లో గొప్పగా చెప్పే అంకె కూడా ఆ దరిదాపుల్లోదే. ఆ అంకె పరీక్షశాలలో, రోలర్ల మీద, ఇరవై నిమిషాల నిర్ణీత నడకలో వచ్చింది. అక్కడ గేదె అడ్డు రాదు, ఆటో సందులో దూరదు, ఎవరూ వెనకనుంచి హారన్ కొట్టరు. రోడ్డు మీద మనకు దాని మూడొంతుల్లో రెండొంతులు వచ్చినా సంతోషపడతాం.

హారన్ అంటే అసలు ఇబ్బంది అక్కడే. ముందు బండికీ నాకూ మధ్య ఖాళీ ఉంచితే తప్ప కాలు ముందుగా తీయడం కుదరదు. ఖాళీ ఉంచితే ఎవరో ఒకరు దూరతారు. వెనకవాడు హారన్ కొడతాడు, ఆ మోతలో ‘నడపడం రాదా?’ అన్న అర్థం వినిపిస్తుంది. ఒంటికి వెచ్చగా ఏదో పాకుతుంది, కాలు కిందికి వాలబోతుంది. పెట్రోలు పొదుపును యంత్రశాస్త్రం అనుకుంటాం గానీ ఆ క్షణంలో అది మర్యాదకూ అవమానానికీ సంబంధించిన విషయం. దూరినవాళ్ల వల్ల నాకు నష్టమెంత? ఒక్కో కారు రెండు సెకన్లు అనుకుంటే, పది కార్లు దూరినా ఇరవై సెకన్లు. ఇంటికి చేరేసరికి దాని ఊసే ఉండదు. అయినా ఆ ఇరవై సెకన్లను వదులుకోవడం ఇంత కష్టమెందుకు? ఎవరో నా స్థలం ఆక్రమించుకున్నట్టు అనిపించడం వల్లనా? రోడ్డు మీద ఎవరికీ స్థలం లేదని, ఉన్నదల్లా పోవడమేనని ఎన్నిసార్లు చెప్పుకున్నా ఒళ్లు ఒప్పుకోదు.

అదే సిగ్నల్ దగ్గర ఆటోవాళ్లను గమనిస్తుంటాను. ఎర్ర దీపం పడగానే చాలామంది తాళం తిప్పి ఇంజిన్ ఆపేస్తారు. వాళ్లకు ఎవరూ శిక్షణ ఇవ్వలేదు. సాయంత్రం బంకులో కట్టే డబ్బు, రాత్రి ఇంట్లోకి కొనే బియ్యం ఒకే జేబులోంచి రావాలి. వాళ్ల పక్కనే అద్దాలన్నీ ఎత్తుకుని, ఏసీ వేసుకుని, తొంభై సెకన్ల సిగ్నల్ పొడుగునా ఇంజిన్ నడుపుకునే కార్లుంటాయి. ఊరికే నిలబడ్డ కారు గంటకు అర లీటరు నుంచి లీటరు దాకా తాగుతుంది. పది పదిహేను సెకన్ల కంటే ఎక్కువ ఆగాల్సి వస్తే ఆపేయడమే లాభం. మే నెల ఎండలో, వెనక సీట్లో పసిబిడ్డను పెట్టుకుని ఏసీ ఆపమని నేనెవరినీ అనలేను. చల్లటి జనవరి పొద్దున కూడా ఎందుకు ఆపం అన్నదే నన్ను తొలుస్తుంది. ఇంకొకరున్నారు, భోజనం డబ్బా వీపున వేసుకుని తిరిగే డెలివరీ కుర్రాళ్లు. పెట్రోలు వాళ్లదే, డబ్బూ వాళ్లదే. నిమిషాలు మాత్రం ఫోనులోని యాప్ చేతిలో ఉంటాయి. వాళ్లు పరుగెత్తేది ఆత్రంతో కాదు, పరుగెత్తించేవాళ్లు ఉన్నారు గనక. వాళ్లకు మెల్లగా పొమ్మని చెప్పేముందు, అన్నం అరగంటలో రావాలని కోరుకున్న నా ఆకలిని అడగాలి.

మన దేశం వాడే ముడి చమురులో నూటికి 85 పాళ్లకు పైగా బయటి దేశాల నుంచే వస్తుంది. నా పన్నెండు మిల్లీలీటర్లు ఆ సముద్రంలో ఎంత? ఈ సందేహాన్ని నేను తేలిగ్గా తీసేయలేను. ఒక్కడి కాలు తేలికైనంత మాత్రాన ఓడలు వెనక్కి తిరగవు. అసలు కారు తీయకపోతే మిగిలేదే ఎక్కువ. 2024 మార్చిలో మౌలాలి – సనత్‌నగర్ రెండో లైను మొదలై, ఘట్‌కేసర్ నుంచి లింగంపల్లికి మా స్టేషను మీదుగా ఎంఎంటీఎస్ పోతోంది. వేళలు కలిసిన రోజు నేను అందులోనే పోతాను. కలవని రోజు కారు తీస్తాను. తీసిన రోజు కాలు ఎలా ఉండాలన్నది ఓడల లెక్కతో తేలేది కాదని నాకనిపిస్తుంది. ఎక్కడో భూమి అడుగున కోట్ల ఏళ్లు ఊరిన పదార్థాన్ని తవ్వి, శుద్ధి చేసి, సముద్రాలు దాటించి తెచ్చారు. దాన్ని ఎర్ర దీపం ముందు వేడిగాలి చేయడానికి నాకు మనసొప్పడం లేదు. డబ్బు రూపాయి పావలానే అయినా సరే.

రోడ్డు సహకరిస్తే ఇందులో సగం కష్టం తీరుతుంది. మా కాలనీలో ఎక్కడపడితే అక్కడ స్పీడు బ్రేకర్లున్నాయి. ఎవరి ఇంటి ముందు వాళ్లు సిమెంటు కుప్ప పోసుకున్నట్టు, కురచగా, నిటారుగా. బండి దాదాపు ఆగితే తప్ప అడుగు తగలకుండా దాటలేదు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ పద్ధతి ప్రకారం కట్టిన హంపు వెడల్పుగా, గుండ్రంగా ఉంటుంది, 25 వేగంతో నెమ్మదిగా దాటిపోవచ్చు. 30లో వచ్చే బండి 25కి తగ్గితే పోగొట్టుకునే శక్తి మూడో వంతు లోపే. అయిదుకు తగ్గితే 97 శాతం. ఈ లెక్క పట్టుకుని కాలనీ సంఘం సమావేశానికి వెళ్లాను. బడి ముందు ఇల్లున్న ఒక తల్లి లేచి, ఇక్కడ మాత్రం బళ్లు ఆగాల్సిందేనండీ, పిల్లలు రోడ్డు దాటుతారు అన్నారు. ఆమె మాటకు ఎదురు లేదు. బ్రేకు అనేది ఉన్నదే అందుకు. ఆర్టీసీ పెద్దాయన కూడా ఆమె వైపే తలూపారు. చాలాసేపు మాట్లాడుకున్నాక బడి ముందుదాన్ని అలాగే ఉంచి, చీకట్లో కూడా కనపడేలా తెల్లచారలు వేయించాలని, మెయిన్ రోడ్డుకు పోయే దారిలో ఉన్నవాటిని తీసి పద్ధతిగా కట్టించమని కోరాలని అనుకున్నాం. అర్జీ నేనే రాశాను. పెద్దాయన మొదటి సంతకం పెట్టారు. కొలతలు లేకపోతే మళ్లీ పాత కుప్పలే పోస్తారని ఆయన అనడంతో, వాటిని కింద విడిగా రాసి జతచేశాం. వెడల్పు 3.7 మీటర్లు, ఎత్తు 10 సెంటీమీటర్లు.